వంకర కాళ్ళ లేసు పీత

రత్నమాణిక్యం టీచరుగారికి వినీలంటే పడేది కాదు. ఎందుకని ఎవరైనా అడిగితే చాలా కారణాలు చెప్పేది. ఆ పిల్ల మట్టి చేతుల్తో తలుపు పట్టుకుంటుంది, పెద్దంతరం చిన్నంతరం లేకుండా పిల్లల మధ్య నేల మీద చతికిలబడుతుంది, లేసు దారం కత్తిరించుకునే సన్న కత్తెరతో తాటాకులు కోస్తుంది. అన్నీ నిజాలే. కానీ అసలు సంగతి అది కాదు. అసలు సంగతి కుళ్ళు. ఆ మాట ఆవిడ మొహం మీద అనే ధైర్యం స్కూల్లో ఎవరికీ లేదు గానీ, మనకేం భయం, మనం అనుకోవచ్చు.

ఊరు పాలకొల్లుకీ నరసాపురానికీ మధ్య, కాలవ గట్టు మీద. అక్కడ మిషను వాళ్ళ ఆడపిల్లల హైస్కూలు, చిన్న క్లాసులతో కలిపి. అందులో రత్నమాణిక్యం చేతిపనుల టీచరు. చీర కుచ్చెళ్ళు కుదురుగా, ముడి బిగుతుగా, మాట అంతకంటే బిగుతుగా ఉండే మనిషి. ఇరవై దాటీ దాటకుండా ఉద్యోగంలో చేరింది. ఈ సంగతులు జరిగిన 1998 నాటికి కళ్ళజోడు వచ్చింది, చెంపలు నెరిశాయి. కొన కొక్కెంలా వంగిన ఆ లేసు సూది చేతిలోకి వచ్చిందంటే మాత్రం వేళ్ళకి వయసు గుర్తుండేది కాదు. మాట్లాడుతూ, పిల్లల్ని కసురుతూ, కిటికీలోంచి బయట ఎవరెళ్తున్నారో చూస్తూ కూడా ఒక్క ముడి తప్పేది కాదు.

ఆ పని ఆవిడకి తల్లి వీరమ్మ నేర్పింది. ఆ చుట్టుపక్కల మాలపల్లెల్లో, రైతుల ఇళ్ళల్లో, మధ్యాహ్నం వంటలయ్యాక ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని లేసు అల్లేవారు. షావుకారు మనిషి దారం తూకం వేసి ఇచ్చేవాడు, అల్లిన లేసు మళ్ళీ తూకం వేసి పట్టుకెళ్ళేవాడు. రెండు తూకాలూ సరిపోవాలి. అందుకని అల్లికలో ఎక్కడ తప్పొచ్చినా అక్కడి దాకా విప్పేసి, అదే దారంతో మళ్ళీ అల్లాల్సిందే. చిన్నప్పుడు మాణిక్యం కాలవ గట్టున ఓ పీతని చూసొచ్చి, తల్లి బుట్టలోంచి తీసుకున్న దారంతో అలాంటిదేదో అల్లింది. వీరమ్మ దాన్ని తిప్పి చూసింది, కొస దొరకబుచ్చుకుని లాగింది. కాళ్ళూ కళ్ళూ అన్నీ దారమైపోయి మళ్ళీ ఉండలోకి చేరాయి. "షావుకారు దారంతో ఆటలేంటే?" అంది తల్లి. తిట్టనైనా తిట్టలేదు. పిల్ల కూడా ఏడవలేదు. విప్పడం ఎలాగో చూసి నేర్చుకుంది.

స్కూల్లో దారం స్కూలుదే. తూకం వేసేవాడు లేడు. అయినా రత్నమాణిక్యానికి విప్పే అలవాటు పోలేదు. ఏటా క్రిస్మస్ ముందు ఏలూరులో జిల్లా స్కూళ్ళన్నిటికీ చేతిపనుల ప్రదర్శన జరిగేది. దానికి ఈ స్కూలు నుంచి లేసు బల్లగుడ్డ వెళ్ళేది. తొమ్మిదో క్లాసు పిల్లలు తలా ఒక పువ్వు అల్లాలి. పువ్వులన్నీ కలిపి అతికితే గుడ్డ. పిల్లలు అల్లి ఇచ్చిన పువ్వుల్ని టీచరుగారు సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళేది. ఒకదానికి రెక్క పొట్టి, ఒకదానికి నడుమ వదులు, ఒకటి గిన్నెలా వంగిపోయింది. ఆవిడ ప్రాణం ఊరుకునేది కాదు. ఒక్కొక్కటే కొస పట్టి లాగేసి, తనే మళ్ళీ అల్లేసేది. చివరికి గుడ్డలో ఒక్క పువ్వూ పిల్లలది ఉండేది కాదు. అయినా దాని పక్కన పిల్లల పేర్లన్నీ రాసి పెట్టేవారు, ఏలూరులో మొదటి బహుమతి వచ్చేది, పెద్ద టీచరుగారి గదిలో గోడకి ఇంకో ఫొటో ఎక్కేది.

ఇందులో ఎవరికీ తప్పు కనబడలేదు. ఏ స్కూల్లో చూసినా మేష్టర్లు చార్టులు గీసి పిల్లల పేర్లు రాయడం, మేష్టరుగారి బావమరిది చేసిన అట్టల విమానం పక్కన పిల్లాణ్ణి నిలబెట్టడం మామూలే. పిల్లలు మాత్రం ఏలూరులో ఆ గుడ్డ చుట్టూ మూగి, వంగి వంగి వెతికేవారు. ఏం వెతుకుతున్నారో రత్నమాణిక్యం ఎన్నడూ అడగలేదు. గుడ్డకి చేతులు తగిలించకండే అని మాత్రం కసిరేది.

ఆ జూన్‌లో వినీల వచ్చింది. రాజమండ్రి పిల్ల, చదువు అయిపోయి ఏడాదైనా కాలేదు. చిన్న క్లాసులకి బొమ్మలు వేయించడానికని పేరెంట్స్ కమిటీ వాళ్ళు పెట్టుకున్నారు. బొమ్మలంటే యాపిల్ పండూ, జాతీయ జెండానూ అనుకున్నారంతా. ఆ అమ్మాయి మొదటి రోజే పిల్లల్ని కాలవ గట్టుకి తీసుకెళ్ళి బకెట్టుతో బంకమట్టి తెప్పించింది. రెండో వారం కొబ్బరి ఈనెలు, తాటి బుర్రలు. మూడో వారం రొయ్యల మేత సంచులు. ఇంతకీ ఏం చెయ్యాలండీ అని పిల్లలడిగితే, "నిన్న మీరు చూసినవాటిల్లో ఏది బాగా గుర్తుందో అది చెయ్యండమ్మా" అనేది. అంతే పాఠం. చేసినవన్నీ తగిలించడానికి జాలర్లు పారేసిన పాత వల ఒకటి తెచ్చి గోడకి కట్టింది.

ఆ గోడ చేతిపనుల గదిదే. గది తాళంచెవి రత్నమాణిక్యం బొడ్డున ఉండేది. "వేరే గది లేదండి, ఇద్దరూ సర్దుకోండి" అని పెద్ద టీచరుగారు అనేసింది. అప్పట్నుంచి ఆవిడ రోజూ తాళం తియ్యగానే ఎదురుగా ఆ వల. అందులో మూతి లేని గేదె, బస్సు కంటే పెద్ద డ్రైవరు, ఎవరిదో మామ్మ, ఆ మామ్మ నోట్లో నిజం చుట్ట ముక్క. కంపు కూడా. చూసినప్పుడల్లా ఆవిడ వేళ్ళు ఊరికే కదిలేవి, ఎక్కడైనా కొస దొరికితే లాగేద్దామన్నట్టు. మట్టికి కొస ఉండదు కదా, అదొక బాధ.

అంతటితో ఆగితే బాగుండేది. పిల్లలు పొద్దున్నే తెచ్చే మల్లెపూలు ఇదివరకు టీచరుగారి బల్ల మీద ఉండేవి. ఇప్పుడు వినీల జడలో కనపడసాగాయి. మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలు గది వైపు పరిగెత్తుకొస్తుంటే ఆవిడ కళ్ళజోడు సర్దుకుని సిద్ధంగా కూర్చునేది. వాళ్ళు ఆవిణ్ణి దాటుకుని వల దగ్గరికి పోయేవారు. "నమస్తే టీచరుగారూ" అని వెళ్తూ వెళ్తూ అనేవారులెండి. ఆ నమస్తే ఇంకా మండించేది.

ఓ రోజు ఇంటికొచ్చాక మొగుడితో చెప్పుకుంది. లాజరు భీమవరంలో ఐసు ఫ్యాక్టరీలో పని చేసేవాడు. ఎవరితోనూ పేచీ లేని మనిషి, దాంతో ఆవిడకి రోజూ పేచీ.

"ఏవండీ, ఆ పిల్ల ఇవాళ థర్మాకోలు ముక్కల్తో లాంచీ చేయించిందండి. గదంతా పొట్టు. ఈ చెత్తంతా ఎక్కడ దొరుకుతుందో దానికి!"

లాజరు పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. "రొయ్యల పెట్టెలవి. ఫ్యాక్టరీలో పారేస్తుంటే నేనే తెచ్చిచ్చానే."

"మీరా?"

"దార్లో కనపడి అడిగిందే పాపం. అంకుల్ అంది."

ఆ పూట లాజరుకి రెండోసారి పులుసు పడలేదు.

ఇదంతా ఆవిడ ఎలాగో దిగమింగుకునేదేమో. దుర్గాశ్రీ సంగతి మాత్రం గొంతు దిగలేదు. తొమ్మిదో క్లాసు పిల్ల, ఊళ్ళో రైతుల బిడ్డ. ఎక్కువ మాట్లాడదు. ఆ పిల్ల వేళ్ళల్లో పని ఉంది. ఇన్నేళ్ళలో రత్నమాణిక్యం చూసి "ఇది నా అంతది అవుతుంది" అనుకున్న ఒకే ఒక్క పిల్ల. పిల్లలు లేని మనిషి, ఆ పిల్ల పక్కన కూర్చుని సూది కదుపుతుంటే ఇంకేం అక్కర్లేదనిపించేది. అలాంటిది, అక్టోబరులో ఓ రోజు వలలో కొత్త బొమ్మ కనిపించింది. మట్టి గేదె, నీళ్ళలో మునిగి తల ఒక్కటే పైకి పెట్టుకుని ఉంది, కళ్ళు సగం మూసుకుని. చూస్తే మనకీ నిద్రొస్తుంది. కింద పేరు దుర్గాశ్రీది.

"నువ్వు కూడానా?" అంది ఆవిడ.

"ఖాళీ పీరియడండి," అంది దుర్గాశ్రీ, గోళ్ళల్లో మట్టి దాచుకుంటూ.

ఇంక చెప్పేదేముంది. ఆ రాత్రి ఆవిడ అన్నం తినలేదు.

నవంబరులో పెద్ద టీచరుగారు ఇద్దర్నీ పిలిచింది. "ఈసారి ఏలూరులో పద్ధతి మార్చారండి. పిల్లల సొంత ఊహకే మొదటి బహుమతంట. మనకిచ్చేది ఒకటే బల్ల. ఇద్దరూ చెరి సగం పెట్టుకోండి. ఇంకో మాట. వచ్చే జనవరి నుంచి అన్ని క్లాసులకీ లెక్కల పీరియడ్లు పెంచుతున్నాం, చేతిపనులకీ బొమ్మలకీ కలిపి వారానికి రెండే మిగుల్తాయి. అవి ఎవరికివ్వాలో ఏలూరులో వచ్చినదాన్ని బట్టి చూద్దాం." వినీల మొహం వాడిపోయింది. రత్నమాణిక్యం మొహంలో ఏమీ కనపడలేదు, కనపడనివ్వలేదు. వారానికి రెండు పీరియడ్లు అంటే ఆవిడకి అర్థమైంది ఒక్కటే: దుర్గాశ్రీ ఎవరి పక్కన కూర్చుంటుంది?

సొంత ఊహే కదా, అదెంత సేపు అనుకుంది. మర్నాడు తొమ్మిదో క్లాసుకి దారం ఉండలు పంచి, "ఇవాళ మీకిష్టమైంది అల్లండే," అంది.

సూదులు పట్టుకుని అందరూ ఆవిడ మొహంలోకి చూస్తున్నారు. వీరవేణి లేచింది. మాటకారి పిల్ల.

"ఎన్ని రెక్కలండీ?"

"నీ ఇష్టమే."

"అంటే ఆరా అండీ, ఎనిమిదా అండీ?"

"రెక్కలే అక్కర్లేదు. ఏదైనా సరే. నీకేది ఇష్టమో అది."

వీరవేణి కూర్చుంది. పక్క పిల్లతో గుసగుసలాడింది. మళ్ళీ లేచింది. "మాకేది ఇష్టమో మీరే చెప్పేయండి టీచరుగారూ. తర్వాతెలాగూ మీరు విప్పుతారు గదండీ."

ఆ పిల్ల వెటకారంగా అనలేదు. నిజంగానే పని తేలిక చేద్దామని అంది. గంట కొట్టేసరికి అందరి చేతుల్లోనూ ఆరు రెక్కల పువ్వే మొలిచింది. దుర్గాశ్రీ చేతిలో కూడా.

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. వీళ్ళే కదా ఆ మట్టి దగ్గర కోతుల్లా ఎగురుతారు! నా దగ్గరికొచ్చేసరికి చేతులు పడిపోతాయా? తప్పెవరిదో ఆలోచించే స్థితిలో లేదు. ఒక్కటే నిశ్చయించుకుంది. ఇన్నేళ్ళూ పిల్లల పేరు మీద చక్కటి పువ్వులు అల్లింది తనే కదా. ఇప్పుడు పిల్లల పేరు మీద వంకర టింకరవి కూడా తనే అల్లుతుంది. అదెంత పని?

ఆదివారం ప్రార్థనయ్యి గుడి నుంచి వచ్చి, వంట ముగించి, లాజరు నడవలో మంచమెక్కాక సూది తీసుకుంది. తప్పుగా అల్లాలి. ఒక ముడి కావాలని వదిలేసింది. రెండు వరసలు పోయాక చూసుకుంటే, వేళ్ళు వాటంతటవే అక్కడొక ముడి కలిపేసి లెక్క సరిచేసేశాయి. విప్పింది. మళ్ళీ మొదలెట్టింది. మళ్ళీ గుండ్రంగా చక్కగా వచ్చింది. ఎడమ చేత్తో అల్లింది. అది పిల్లలు చేసినట్టు లేదు, ఒంట్లో బాగోలేనివాళ్ళు చేసినట్టు ఉంది. తప్పు చెయ్యడం ఇంత కష్టమని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు. సాయంత్రానికి ఒడి నిండా దారం, చేతిలో ఏమీ లేదు.

సోమవారం వినీల పాఠం జరుగుతుంటే కిటికీ అవతల నిలబడి దొంగచూపు చూసింది. దొంగతనమే, ఇంకో మాట లేదు. లోపల రెండో క్లాసు పిల్ల ఒకతె మట్టి మేకకి ఐదో కాలు పెడుతోంది.

"ఐదెందుకమ్మా?" అని అడిగింది వినీల.

"ఇది పరిగెడుతోందండి," అంది ఆ పిల్ల, ఇంత చిన్న విషయం తెలీదా అన్నట్టు.

వినీల "అలాగా, అయితే సరే" అని తర్వాతి పిల్ల దగ్గరికి పోయింది. రత్నమాణిక్యం కిటికీ చువ్వ పట్టుకుని నిలబడిపోయింది. ఆ పిల్ల తప్పు చెయ్యట్లేదు. మేకని చేస్తోంది.

ఆ సాయంత్రం ఇంటి అరుగు మీద కూర్చుని, తప్పుల సంగతి మానేసి, దేన్ని చెయ్యాలా అని ఆలోచించింది. వెంటనే పీత గుర్తొచ్చింది. కాలవ గట్టున కన్నంలోంచి బయటికొచ్చి, చిన్నపిల్లగా ఉన్న తనని చూసి పట్టకారులాంటి డెక్క ఒకటి పైకెత్తి బెదిరించిన పీత. ఆ డెక్క పెద్దది చెయ్యాలి మరి, బెదిరిస్తోంది కదా. కాళ్ళన్నీ ఒకే పక్కకి పోవాలి, పారిపోతోంది కదా. బెదిరిస్తూ పారిపోయే మొహం ఎలా ఉంటుంది? కళ్ళు రెండూ గంజి పెట్టి నిక్కబొడిపించింది, ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ. వేళ్ళు ఎటు పోతున్నాయో చూసుకోలేదు. అల్లుతూ అల్లుతూ ఎక్కడో ఫక్కున నవ్వింది.

లోపల్నుంచి లాజరు పరిగెత్తుకొచ్చాడు. "ఏంటే? నువ్వేనా నవ్వింది?"

"కాదు, పక్కింటావిడ," అంది ఆవిడ, పీతని కొంగు కింద దాచుకుని.

పూర్తయ్యాక అరచేతిలో పెట్టుకుని చూసుకుంది. ఒక్క కాలూ ఇంకో కాలుకి జత కాదు. అలవాటు కొద్దీ వేలు కొస కోసం వెతికింది, దొరికింది, పట్టుకుంది. లాగలేదు. లోపలికి దోపి, రెండు ముళ్ళు వేసి బిగించేసింది.

అంతవరకూ బాగానే ఉంది. దాని మీద ఎవరి పేరు పెట్టాలి? ఏమాత్రం ఆలోచించకుండా దుర్గాశ్రీ పేరు రాసి గుచ్చింది. వలలో గేదె కింద ఉన్న పేరు ఇటు కూడా ఉండాలి. అదీ ఆవిడ లెక్క.

ఏలూరులో ఒకే బల్ల మీద అటు వినీల వల, ఇటు లేసు. మధ్యలో రత్నమాణిక్యం తెల్ల దారం గీతలా పరిచింది, అవతలి మట్టి ఇటు రాకుండా. బల్లగుడ్డ యథాప్రకారం మచ్చలేకుండా ఉంది. దాని మీద పీత. వినీల సామాను సర్దుతూ దాన్ని చూసి ఆగిపోయింది.

"ఎంత బాగుందండీ! ఎవరు చేశారండీ?"

ఆ మాట రత్నమాణిక్యం కడుపులోకి వెచ్చగా దిగింది. నేనే అన్న మాట నాలిక చివరి దాకా వచ్చింది. "దుర్గాశ్రీ," అంది. అనగానే ఆ వెచ్చదనం పోయింది.

"మా గేదె చేసిన దుర్గాశ్రీయా!" అని వినీల వెళ్ళి ఆ పిల్ల బుగ్గ పుణికింది. మా గేదె అట! ఆవిడ మొహం తిప్పుకుంది. ఈసారి మంట వినీల మీదా, దుర్గాశ్రీ మీదా, ఎవరి మీదో తేల్చుకోలేకపోయింది. దుర్గాశ్రీ పీత వైపు చూసింది, దాని మీద తన పేరు చూసింది, టీచరుగారి వైపు చూసింది. పక్కకి జరిగి, పీత వెనకాల తన చోట్లో నిలబడింది.

మధ్యాహ్నం బహుమతులు తేల్చే పెద్దాయన వచ్చారు. రాజమండ్రిలో పిల్లలకి బొమ్మలు నేర్పి రిటైరైన మేష్టరట, ఖద్దరు చొక్కా, చేతికర్ర. వల దగ్గర చాలాసేపు నిలబడి నవ్వుకున్నారు. లేసు గుడ్డని చూసి "ఊ" అన్నారు. పీతని చేతిలోకి తీసుకున్నారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి మళ్ళీ చూశారు.

"ఈ డెక్క ఒకటే ఇంత పెద్దదేంటమ్మా?"

రత్నమాణిక్యం ఒక అడుగు ముందుకేసింది. ఆ పిల్లకి ఏమీ చెప్పలేదే! పువ్వుల గురించి అయితే ఎన్ని ముళ్ళో అప్పజెబుతుంది.

దుర్గాశ్రీ వంగి పీత మొహంలోకి చూసింది. "అది అందర్నీ బెదిరిస్తోందండి," అంది నెమ్మదిగా. "లోపల దానికే భయమేస్తోందండి."

పెద్దాయన "బాగా చెప్పావమ్మా" అన్నారు. రత్నమాణిక్యానికి, తనకి తెలీకుండా తన గురించి ఎవరో పైకి చదివేసినట్టు అనిపించింది.

మొదటి బహుమతి పీతకే వచ్చింది. మైకులో "కుమారి దుర్గాశ్రీ" అన్నారు. ఆ పిల్ల మెట్లెక్కింది. చప్పట్లు. ఫొటో. కప్పు. కింద కుర్చీలో కూర్చుని రత్నమాణిక్యం కూడా చప్పట్లు కొట్టింది గానీ, చేతులు ఒకదానికొకటి తగలడం లేదు. ఇన్నేళ్ళు ఇదే హాల్లో తను అల్లిన గుడ్డలకి పిల్లలు కప్పులందుకుంటే నిమ్మళంగా చూసింది. ఒక్కనాడూ ఇలా లేదు. ఆ పువ్వులు ఎవరివైనా ఒకటే. ఇది అలా కాదు. ఆ కన్నం తను చూసింది, ఆ డెక్క తనని బెదిరించింది, ఆ నవ్వు తను నవ్వింది. అది నాది, అనుకుంది. పద్నాలుగేళ్ళ పిల్ల మీద, తను ప్రాణంగా చూసుకునే పిల్ల మీద, ఆ పిల్ల చేతిలోని కప్పు మీద కుళ్ళుతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కన పెద్ద టీచరుగారు అది ఆనందం అనుకుని ఆవిడ భుజం తట్టింది.

తిరుగు ప్రయాణంలో వ్యానులో పిల్లలు పాటలు పాడుతున్నారు. వినీల కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. జనవరి నుంచి ఆ అమ్మాయికి పీరియడ్లు లేవు. దుర్గాశ్రీ లేచి వచ్చి రత్నమాణిక్యం పక్కన కూర్చుంది. ఇన్నాళ్ళూ కోరుకున్నది అదే. ఆ పిల్ల కప్పుని ఆవిడ ఒళ్ళో పెట్టింది.

"ఇదిగోండి టీచరుగారూ. ఇది మీదండి."

"ఎలా తెలిసిందే?"

"కొస దగ్గర రెండు ముళ్ళున్నాయండి. మీరే వేస్తారు అలాగ."

ఆవిడ కప్పుని అటూ ఇటూ తిప్పి, "నీది కానిదానికి అందరి ముందూ పేరు పిలిస్తే నీకేం అనిపించలేదా?" అంది.

"ఆయ్, అలవాటేనండి," అంది దుర్గాశ్రీ. దెప్పుతున్నట్టు లేదు, బస్సు టైము చెబుతున్నట్టు ఉంది. "ఐదులో ఉండగా మా అక్కా వాళ్ళ గుడ్డ చూడ్డానికి వచ్చామండి. అక్క తన పువ్వు చూపిస్తానని గుడ్డంతా వెతికిందండి. దొరకలేదు. బయటికెళ్ళి ఏడ్చిందండి. అందుకని నేను ఈ ఏడు వెతకలేదు." మళ్ళీ తనే, "పీత మాత్రం చాలా బాగుందండి. అది నేను చేసుంటే ఎవరికీ ఇచ్చేదాన్ని కాదు," అంది.

రత్నమాణిక్యం కప్పుని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. గుడ్డ చుట్టూ మూగిన పిల్లలందరూ, ఏటికేడూ, వంగి వంగి ఏం వెతికేవారో ఆవిడకి అప్పటికి తెలిసింది. వాళ్ళని తను ఏమని కసిరిందో కూడా గుర్తొచ్చింది.

మర్నాడు పెద్ద టీచరుగారి గదికెళ్ళింది. "ఆ రెండు పీరియడ్లు నాకన్నారు కదండీ. ఒకటి వినీలకివ్వండి." పెద్ద టీచరుగారు నోరు తెరిచేలోగా, "అంతగా అయితే తాళంచెవి కూడా ఇంకోటి చేయిద్దాం. నా కత్తెర మాత్రం ముట్టుకోవద్దని చెప్పండి," అని వచ్చేసింది. పీత సంగతి చెప్పలేదు. అంత మంచితనం ఒక్కరోజులో ఎక్కణ్ణుంచి వస్తుంది?

జనవరిలో తొమ్మిదో క్లాసుకి దారం ఉండలు పంచింది. ఏలూరు ప్రదర్శన అయిపోయాక మళ్ళీ గుడ్డెందుకండీ అన్నారు పిల్లలు. స్కూలు వార్షికోత్సవానికి, స్టేజీ మీద బల్లకి అంది. వీరవేణి ముందుగా ముగించి తెచ్చింది. ఒక రెక్క పొడుగు, ఒకటి లేనే లేదు. ఆవిడ వేలు కొసని దొరకబుచ్చుకుంది. గదంతా ఆ వేలినే చూస్తోంది.

"ఈ రెక్కేమైందే?" అంది.

వీరవేణి తప్పైపోయిందండి అనబోయి, ఆగి, "రాలిపోయిందండి," అంది.

ఆవిడ మూతి బిగించి, కళ్ళు మూసుకుని, కొస లోపలికి దోపి ముడేసింది. "ఊ. తర్వాతెవరే?" అంది. అప్పుడు గదిలో ఎవరో నవ్వారు. ఆ తర్వాత వచ్చినవి ఏవీ పువ్వులు కావు. గాలిపటం, రొయ్య, ఇస్త్రీపెట్టె, ఏమిటో చెప్పుకోలేనివి కొన్ని. అతికేటప్పుడు ఆవిడ పడ్డ నరకం ఆవిడకే తెలుసు. విప్పడానికి వేళ్ళు కొట్టుకులాడేవి. ఒకటి రెండు చోట్ల లాగేసిందని కూడా అంటారు, నేను చూడలేదు.

వార్షికోత్సవం నాడు స్టేజీ బల్ల మీద ఆ గుడ్డ పరిచారు. సాపుగా పడుకోదు, అక్కడక్కడా ఉబ్బింది, అంచులు నాలుగు వైపులకి నాలుగు రకాలు. చూసినవాళ్ళు ఈ ఏడు మాణిక్యం టీచరుగారికి ఒంట్లో బాగోలేదా అని అడిగారు. సభ అయిపోగానే పిల్లలు తల్లుల్ని చేతులు పట్టి లాక్కొచ్చారు. "ఇదేనమ్మా నాది! ఇదిగో, ఇది!" ఎవరూ వెతకలేదు. తిన్నగా వచ్చి వేలు పెట్టేవారు. దుర్గాశ్రీ వాళ్ళక్క కూడా పెళ్ళై వెళ్ళిన ఊరు నుంచి వచ్చి చూసి వెళ్ళింది.

జనం పలచబడ్డాక రత్నమాణిక్యం ఎవరూ చూడకుండా బల్ల దగ్గరికెళ్ళి, వంగి వెతికింది. గుడ్డ ఓ మూల, రొయ్యకీ ఇస్త్రీపెట్టెకీ మధ్య, డెక్క పైకెత్తుకుని పీత ఉంది. తను పని ముగించాక ఎవరో అతికారు. అతుకు చూస్తే దుర్గాశ్రీ చెయ్యి. పాత పేరు తీసేసి, కొత్త కాగితం గుచ్చారు: రత్నమాణిక్యం. గారు లేదు, టీచరు లేదు. మిగతా పిల్లల పేర్ల లాగే.

"ఇదేనే నాది," అంది ఆవిడ, పక్కన ఎవరూ లేకపోయినా.

తలెత్తి చూస్తే హాలు అవతలి నుంచి వినీల ఆ పీతనే చూస్తోంది, కొంచెం కుళ్ళుకుంటున్నట్టు మొహం చిన్నబుచ్చుకుని. రత్నమాణిక్యానికి ప్రాణం హాయిగా లేచొచ్చింది.